రెమ్మ పీకిన వాగు

ఎర చేపల కోసం వాగులో కరెంటు వదిలింది రవికాంత్. ఖమ్మంలో మా గాలం బృందానికి పెద్ద, నాకు గాలానికి ముడి వేయడం నేర్పినవాడు. దిగువన మనిషి ఉందని చెప్పే పచ్చి రెమ్మను ఒడ్డు మీంచి పీకి, దానికే తీగ చుట్టి నీళ్లలోకి తోశాడు. పేరెందుకు బయటపెడుతున్నావని బృందంలోని వాళ్లు ఫోన్లు చేస్తున్నారు. చేసినవాడికి లేని సిగ్గు రాసేవాడికెందుకు?

చండ్రుగొండ అవతల అడవి అంచు వాగుల్లో గాలం వేయాలనుకునే మీ కోసం జరిగింది వరసగా రాస్తున్నాను. ఈ ప్రయాణం నా పట్టుదల వల్లే మొదలైంది. దొరికిన కరపత్రమల్లా చదివే అలవాటు నాది. చేపల వేట నియమాల కరపత్రం ఒకటి నెలల తరబడి నా జేబులోనే ఉంది. మందు, పేలుడు, కరెంటు వాడకూడదు. గుడ్లతో ఉన్న చేపను, పిల్లచేపను వదిలేయాలి. అభయారణ్యంలో గాలమే తీయకూడదు. మిగతా చోట్ల నీటి మీద హక్కున్న మత్స్య సంఘాన్ని, ఊరిని అడగాలి. కొర్రమట్ట చేప కోసం బతికున్న కప్పను గాలానికి గుచ్చే అలవాటు మా వాళ్లది. దాని మీద ప్రతి ఆదివారం గొడవే. "ఒక్కసారి రూలు ప్రకారం పట్టి చూపిద్దాం" అని నేనే సవాలు చేశాను. వాగు పక్క ఊరి పెద్దను ఫోన్లో అడిగి, మా వాళ్లు తప్పు చేయరని మాటిచ్చి ఒప్పించింది కూడా నేనే.

రవికాంత్ కారులో చోటుంది. దారి పొడుగునా వాదించడం ఇష్టం లేక మా పేట ఖానాపురం హవేలిలో షేర్ ఆటో ఎక్కి బస్టాండుకు వెళ్లి, తెల్లవారుజామున తల్లాడ బస్సు పట్టుకున్నాను. అక్కడ మరో బస్సు మారి చండ్రుగొండలో దిగేసరికి ఎనిమిది దాటింది. వాగు దాకా బస్సు లేదు. ఆటో యాకూబ్ రానుపోను ఆరు వందలకు ఒప్పుకున్నాడు. సాయంత్రం దాకా ఉండాలంటే అతని భోజనం కూడా మీదే, ముందే మాట్లాడుకోండి. తారు రోడ్డు అయిపోయాక రెండు వైపులా టేకు చెట్లు దగ్గరకొచ్చాయి. "తమ్మీ, పొలాల అంచుకు పోయేటప్పుడు జర చూసి నడువు" అన్నాడు యాకూబ్. "అడవి పందులకని కరెంటు తీగలు కడ్తరు. పంది సస్తదో లేదో గని, పోయిన మనుషుల లెక్క నా ఆటోకే ఎరుక." అప్పటి నుంచీ నా కళ్లు నేల మీదే ఉన్నాయి.

బండ్లు వాగు దాటే చోట ఒక పొలం, దానికో మోటారు గది ఉన్నాయి. ఒక ఆవిడ పచ్చి రెమ్మ విరిచి ఇసుకలో గుచ్చుతోంది. పేరు సమ్మక్క, ఆ అడవి పల్లె మనిషే. పీతలు, నత్తలు ఏరుకోవడానికి వచ్చింది. రెమ్మ ఎందుకని అడిగాను.

"నేను నీళ్లల్ల ఉన్నా అని. రెమ్మ ఉన్నంతసేపు పైన ఎవ్వలు నీళ్లల్ల మందు పొయ్యరు, వల అడ్డం పెట్టరు. ఎక్కినంక నేనే పీకుత."

నేను ఉత్సాహంగా కరపత్రం తీసి చదవబోయాను. ఆమె రెండు ముక్కలు విని గంప నెత్తిన పెట్టుకుంది. "నీ రూలు నువ్వు సదువుకో, రూలు సారూ. ఎర్రలు తవ్వితె గుంత పూడ్సు, మా మేకల కాళ్లు ఇరుగుతయ్." నవ్వుకుంటూ దిగువ మలుపు తిరిగి కనుమరుగైంది.

ఎర్రలంటే వానపాములు. కాస్త దూరంలో, తడి నేలలో తవ్వి డబ్బాలో సగం నింపుకుని, గుంత పూడ్చాను. తవ్వుతుండగానే కారు వచ్చిన చప్పుడు వినబడింది. చేతికంటిన బురద కడుక్కోవడానికి వాగు పక్కన వంగాను. నా వేళ్ల ముందు నుంచి ఒక చిన్న చేప తెల్లటి పొట్ట పైకి పెట్టి తేలుతూ పోయింది. వెనక ఇంకొకటి, దాని తోక ఇంకా వణుకుతోంది. తర్వాత గుప్పెడు. చేతిని ఎప్పుడు వెనక్కి లాక్కున్నానో తెలియదు. వెల్లకిలా ఇసుకలో పడి ఉన్నాను.

ఎగువన రవికాంత్, అతని స్నేహితుడు ఒడ్డు మీంచి పొడుగు కర్ర వలతో చేపలు తోడుతున్నారు. మోటారు గది నుంచి తీగ వచ్చి నీళ్లలోకి దిగింది. ఇసుకలో రెమ్మ లేదు.

"రవన్నా, తీగ తియ్! కింద మనిషి ఉంది!"

"ఎవ్వలు లేరు రా. జర ఆగు, ఎరకు ఇన్ని చేపలు తీస్కోనీ."

"రెమ్మ చూడలేదా?"

"ఏ రెమ్మ? గిదా? తీగ చుట్టనీకి మంచిగున్నదని పీకిన."

మలుపు అవతల నుంచి కేక వినబడింది. రవికాంత్ ముఖం పాలిపోయింది. వల అక్కడే పారేసి ఇద్దరూ కారు వైపు పరుగెత్తారు. తీగ నీళ్లలోనే ఉంది.

నేను ఒడ్డు వెంట మలుపుకు ఉరికాను. సమ్మక్క వాగు మధ్య ఒక బండ మీద గొంతుక్కూర్చుని ఉంది. కాళ్లు జివ్వుమని లాగితే దాని మీదికి పాకిందట. చుట్టూ నీళ్లు, నీళ్ల నిండా తెల్లటి పొట్టలు. "దిగకు పిలగా! కరెంటున్నది!" అని అరిచింది. నేను వెనక్కి తిరిగి, ఆటో దగ్గరున్న యాకూబ్‌కు కరెంటు ఆపమని కేకేశాను. అతను మోటారు గదికి పోయి, కాసేపటికి ఆయాసపడుతూ వచ్చాడు.

"ఫ్యూజులు పీకిన అక్కా. ఎండు కట్టెతోని తీగ బయటికి గుంజిన. దిగు."

"గా కారోడు మల్ల పెడ్తె?"

"వాడు పారిపోయిండు."

"అయితె నువ్వు దిగి సూపియ్."

యాకూబ్ తన కాళ్ల వైపు చూసుకున్నాడు. "నాకు ఇద్దరు పిల్లలక్కా."

"నాకు ముగ్గురు." ఆమె నా వైపు తిరిగింది. "నీకు?"

"లేరు."

"అయితె నువ్వు దిగు, రూలు సారూ."

ఆ నీళ్లు మోకాలి లోతు కూడా లేవు. నా కాలు మాత్రం లేవలేదు. ఫ్యూజులు యాకూబ్ జేబులోంచి కనిపిస్తూనే ఉన్నాయి, అయినా ఆ గదిలో ఇంకో తీగ ఉందేమో, పొలంలో పందుల తీగ ఏదైనా తడిలో పడిందేమో అని బుర్రలో ఒకటే అనుమానం. ఆమె నా పాదాన్నే చూస్తోంది. కళ్లు మూసుకుని దిగాను. చల్లదనం తగలగానే అదే కరెంటనుకుని గావుకేక పెట్టాను. అది నీళ్ల చలే. బండ దాకా నడిచి చెయ్యిచ్చాను. ఆమె నా మణికట్టు పట్టుకున్న పట్టుకు గోళ్లు దిగాయి.

ఒడ్డుకొచ్చాక ఆమె ఇసుకలో కూర్చుని కాళ్లు రుద్దుకుంది. తర్వాత లేచి, ఇంకో రెమ్మ విరిచి ఇసుకలో గుచ్చింది. ఇప్పుడెందుకని అడిగాను.

"గంప కొట్టుకపొయ్యింది. ఎతకపోవాలె." రెమ్మ వైపు చెయ్యి చూపించింది. "నేను వచ్చేదాంక ఈడ్నే నిలబడు."

నిలబడ్డాను. ఎర్రల డబ్బా నేల మీద బోర్లించాను, గాలం సంచి విప్పనే లేదు. దూరంగా బండి చప్పుడైనప్పుడల్లా మోటారు గది వైపు చూశాను. గంపతో ఆమె తిరిగొచ్చి తన చేత్తో రెమ్మ పీకే దాకా కదల్లేదు. అక్కడి నుంచి ముగ్గురం ఆటోలో పోలీసు స్టేషనుకు పోయి ఫిర్యాదు ఇచ్చాం. దారిలో ఆమె ఒక్క మాటే అంది: "నీ మాట మీద రానిచ్చినం. ఆదివారం ఊరంత కూసుంటది. గాలపోళ్లు వచ్చి మొకం సూపియ్యకుంటె ఎవ్వలకు ఈ వాగు లేదు."

ఇన్నాళ్లూ నియమమంటే చేపను కాపాడేదనుకుని గొంతు చించుకున్నాను. ఆ నీళ్లలో కాలు పెట్టే ముందు అర్థమైంది, అది ముందు నీళ్లలో నిలబడ్డ మనిషిని కాపాడుతుంది. ఇప్పటికీ బాత్రూములో బకెట్లో చెయ్యి పెట్టే ముందు ఆగుతున్నాను. వెళ్లేవాళ్లకు ఒక్క సూచన: వానపాములు ఇంటి దగ్గరే తవ్వి తీసుకెళ్లండి, వాగు చేరాక ఒడ్డంతా నడిచి రెమ్మ ఉందేమో చూసి, గట్టిగా కేకేసి, జవాబు కోసం ఆగాకే గాలం సంచి విప్పండి.

రవికాంత్‌కూ ఈ కబురు అందాలి: ఊరంతా కూర్చుంటోంది. వచ్చే ఆదివారం ఉదయం ఏడు గంటలకు, మోటారు గది దగ్గర, బండ్లు వాగు దాటే చోట. ఖమ్మంలో గాలం పట్టే ప్రతి ఒక్కరూ రండి. గాలాలు ఇంట్లో పెట్టి రండి.