సుక్రు సెలవులో ఉన్నాడు

హాజరు తీసుకోకుండా ఎలీయేజరు గారు ఏ పనీ మొదలుపెట్టరు. కంచం ముందు కూర్చుని పప్పూ, కూరా, పచ్చడీ అని పేరుపేరునా పిలిచి చూసుకుంటే తప్ప ముద్ద కలపరని ఆయన భార్య లూర్దమ్మ చెప్పేది. పూర్వం ఆయన డుంబ్రిగుడ దగ్గర సండే స్కూల్లో పిల్లలకి పాఠాలు చెప్పారు. బడిని ఆయన వదిలేశారు గానీ, హాజరు ఆయన్ని వదల్లేదు.

తరవాత కాఫీ రైతుల సంఘం ఆఫీసులో కంప్యూటర్లు చూసే పనిలో చేరారు. ఆ ఆఫీసు గోడని ఆనుకునే అచ్చియమ్మ ఇల్లు. పొద్దున్నే టీ కాచి ఆఫీసుకి పట్టుకెళ్ళేది. ఆమె మొగుడు సుక్రు ఆఫీసు జీపు తోలేవాడు. జీపు కదిలాక ఎలీయేజరు గారు అందులోనూ హాజరు తీసేవారు.

"సత్యకుమారి గారు?"

"మీ పక్కనే కూర్చున్నాను కదండీ," అనేది మేనేజరు సత్యకుమారి.

"కూకోడం వేరు, పలకడం వేరు. కనక?"

"ఉన్నానండి," అనేవాడు లెక్కలు చూసే కనక.

"సుక్రు?"

జవాబుండేది కాదు.

"సుక్రూ."

"ఉన్నాను. లేపోతే ఈ ఘాటీలో బండెవడు తోల్తన్నాడు?"

సుక్రు మొదటి పిలుపుకి పలికే మనిషి కాదు. ఇంట్లోనూ అంతే. అచ్చియమ్మ మొగుడి పేరు ఎలాగూ ఎత్తదు గనక "ఇదిగో, నిన్నే" అనేది. రెండోసారి "ఇదిగో, నిన్నే" అంటే గానీ ఆయన ఆ లోకంలోంచి ఈ లోకంలోకి వచ్చేవాడు కాదు.

ఆఫీసులో కంప్యూటర్లు పెరిగాక, వాటికి పేర్లు పెట్టే పని ఎలీయేజరు గారి మీద పడింది. కొండల్లో పుట్టిన వారాన్ని బట్టి పేరు పెడతారు. ఆయనా అదే పద్ధతి పట్టారు. సోమవారం దిగింది సోంబరు. శుక్రవారం సంత నాడు సుక్రు జీపులో, అతని పక్క సీట్లోనే దుప్పటి చుట్టుకుని వచ్చిన పెద్ద కంప్యూటరు పేరూ సుక్రే. అదే జీపులో వచ్చిన ప్రింటరు చిన సుక్రు.

"ఈ పెద్దది ఏటి సేత్తాదండి?" అని అచ్చియమ్మ అడిగింది.

"బస్సు దిగినోడు ఫలానా వాళ్ళిల్లెక్కడని అడుగుతాడు కదా, సెప్పడానికి స్టాండులో ఒకడుండాలి. ఇదే ఆ ఒకడన్నమాట. మిగతా కంప్యూటర్లు ఏ పేరు కావాలన్నా దీన్నే అడిగి దారి తెలుసుకుంటాయి. డీఎన్ఎస్ సర్వర్ అంటారు."

"అందరికీ దారి సెప్తాదా? ఆయన పేరు సరిపోయింది," అంది అచ్చియమ్మ.

ఆ రోజు నుంచి కంప్యూటర్లకీ హాజరు మొదలైంది. నల్లటి తెర మీద పేరు కొట్టి, పైకి "సోంబరూ" అని పిలిచేవారు. అవతలి నుంచి తెర మీద జవాబు వస్తే, గొంతు సన్నం చేసి తనే "ఉన్నానండి" అనేవారు. బయటివాళ్ళెవరైనా ఉంటే, వాళ్ళు కుర్చీ కాస్త వెనక్కి జరుపుకునేవారు.

మరుసటి వానాకాలం సుక్రుకి జ్వరం వచ్చింది. పాడేరు ఆసుపత్రి దాకా వెళ్ళాడు, తిరిగి రాలేదు. ఆ వానల్లోనే పిడుగు పడి సుక్రు కంప్యూటరూ పోయింది. దాని బదులు బుధవారం నాడు ఇంకోటి దిగింది. దానికి బుద్రు అని పేరు పెట్టారు.

ఊరివాళ్ళు మంచివాళ్ళు. అచ్చియమ్మ బాధపడుతుందని ఆమె ఎదుట ఆ పేరెత్తడం మానేశారు. ఊళ్ళో ఇంకా ముగ్గురు నలుగురు సుక్రులున్నారు. ఆమె అటుగా వస్తుంటే వాళ్ళని కూడా "ఒరే", "ఇటు రా" అని పిలిచేవారు. ఆమె తన నోటితో ఎత్తదు, మిగతావాళ్ళు ఎత్తనివ్వరు. సొంత ఇంట్లో మనిషి పేరు కొండలన్నీ కలిసి దాచేసినట్టయింది.

ఒక్క ఎలీయేజరు గారు మాత్రం మానలేదు. టీ కెటిలు పట్టుకుని అచ్చియమ్మ గుమ్మంలో అడుగు పెట్టేసరికి సరిగ్గా హాజరు మొదలవుతుండేది.

"సోంబరూ. ఉన్నానండి. బుద్రూ. ఉన్నానండి. సుక్రూ."

తెర మీద జవాబు లేదు. ఆయన ఓపిగ్గా చూసి, "సుక్రు సెలవులో ఉన్నాడు," అనేవారు.

ఆ మాట చెవిన పడ్డాకే అచ్చియమ్మ గ్లాసుల్లో టీ పోసేది. దాని కోసమే వస్తున్నానని ఎవరితోనూ అనలేదు. మనిషికి పిచ్చి ముదిరిందిలే, మనకీ మంచిదే అనుకునేది.

అయితే ఆఫీసులో నెట్టు నత్తలా తయారైంది. ఏది తెరవబోయినా కాసేపు ఆలోచించుకుని గానీ తెరుచుకోదు. కాఫీ కొనేవాళ్ళకి పంపిన మెయిలు సగంలో ఆగిపోయిన రోజున సత్యకుమారికి ఓపిక పోయి, విశాఖపట్నం నుంచి సురేంద్ర అనే ఇంజనీరుని పిలిపించింది. అతను ఒక్కో కంప్యూటరూ తెరిచి చూసి కళ్ళజోడు తీసేశాడు.

"ఎలీయేజరు గారూ, ఇవన్నీ దారి కోసం ముందు ఎవర్ని అడుగుతున్నాయో తెలుసాండీ?"

"సుక్రుని."

"అది పిడుగుకి పోయింది కదండీ."

"పోయింది."

"పోయినదాన్ని అడిగి, అది పలకదని తేలాక, అప్పుడు బుద్రుని అడుగుతున్నాయి. అందుకే లేటు. దీన్ని ముందెందుకు ఉంచారు?"

"సీనియారిటీ," అన్నారు ఎలీయేజరు గారు.

సురేంద్ర సత్యకుమారి వైపు చూశాడు. ఆమె పైకప్పు వైపు చూసింది.

"సరే, బుద్రుని ముందుకి తెచ్చేస్తాను. ఈ సుక్రు పేరు జాబితాలోంచి పూర్తిగా కొట్టేద్దాం."

కెటిలుతో గుమ్మంలోకి వచ్చిన అచ్చియమ్మ అక్కడే ఆగింది.

"కొట్టేయకండి," అన్నారు ఎలీయేజరు గారు. "హాజరులో ఖాళీ వస్తాది."

"ఆ హాజరు ఎవరి కోసమండీ?"

ఆయన కుర్చీ తెర వైపు తిప్పుకున్నారు. సత్యకుమారే విసుగ్గా అందుకుంది. "ఏమో బాబూ. అదైనా ఆఫీసు తెరవగానే తీయరు. టీ వచ్చేదాకా ఆగుతారు. మొన్న అచ్చియమ్మకి ఒళ్ళు బాగోక రాకపోతే ఆ పూట హాజరే లేదు. టీ పడితే గానీ గొంతు పెగలదు కాబోలు."

"కాబోలు," అన్నారు ఎలీయేజరు గారు. టీ మాత్రం ఆయన ఏనాడూ తాగలేదు. ఆయనకి పడదు.

ఆ సంగతి అందరికంటే బాగా తెలిసింది అచ్చియమ్మకే. రోజూ ఆయన గ్లాసు బోర్లించే ఉంచేది. ఆయన టీ తాగకపోవడం, టీ వచ్చేదాకా హాజరు ఆపడం, ఇన్నాళ్ళూ ఆ రెండూ కలిపి చూసుకోలేదు. కెటిలు కింద పెట్టి కొంగుతో చెయ్యి తుడుచుకుంది, మళ్ళీ తుడుచుకుంది.

సురేంద్ర ఆమెనీ, ఆయననీ, తెరనీ వరసగా చూశాడు. కళ్ళజోడు మళ్ళీ పెట్టుకున్నాడు.

"ఇంకో పద్ధతుందండీ. బుద్రుకే సుక్రు అని రెండో పేరు పెట్టొచ్చు. ఎవరైనా సుక్రూ అని పిలిస్తే బుద్రు పలుకుతాడు. అలియాస్ అంటారు."

"పోలీసోళ్ళు రాస్తారే, అదా?" అన్నాడు కనక.

"అదే."

"చట్టబద్ధమే అయితే పెట్టండి," అన్నారు ఎలీయేజరు గారు.

మర్నాడు అచ్చియమ్మ గుమ్మంలోకి వచ్చేసరికి నెట్టు పరుగెడుతోంది. సత్యకుమారి నవ్వుతోంది. ఎలీయేజరు గారు గొంతు సవరించుకున్నారు.

"సోంబరూ. ఉన్నానండి. బుద్రూ. ఉన్నానండి. సుక్రూ."

రెప్పపాటులో తెర మీద జవాబు వచ్చింది. ఆయన గొంతు సన్నం చేయబోయి ఆగిపోయారు. పోయిన మనిషి తరఫున పలకడం ఆ రోజు ఆయనకి చేత కాలేదు. అచ్చియమ్మ దగ్గరికి వచ్చి తెరని కింద నుంచి పైదాకా చూసింది.

"ఈయన కాదండి," అంది.

"అదేటి?"

"ఆయన ఏనాడు ఇంత బేగి పలికాడు?"

ఎలీయేజరు గారు ఆలోచించారు. మాట న్యాయంగానే ఉంది. మళ్ళీ పేరు కొట్టారు.

"సుక్రూ."

జవాబు వచ్చింది.

"ఆ," అంది అచ్చియమ్మ, కెటిలు ఎత్తుతూ. "ఇప్పుడున్నాడు."