పన్నెండింటికి తెరుచుకునే ఫారం

మా అక్క ఏదీ ఊరికే కొనదు. దువ్వెన కొనాలన్నా నలుగురిని అడుగుతుంది, వాళ్ళు చెప్పింది కాగితం మీద గళ్ళు గీసి రాసుకుంటుంది, మర్నాడు ఇంకో ఇద్దరిని అడుగుతుంది. స్టాటిస్టిక్స్‌లో ఎమ్మెస్సీ ఆఖరి ఏడాది కాబట్టి ఇది చదువు తెచ్చిపెట్టిన జబ్బని అందరూ అనుకుంటారు. కాదు, పుట్టుకతో వచ్చిందే. చెల్లెల్ని, నాకు తెలియదా?

యూనివర్సిటీ దగ్గర ఒక నాలుగంతస్తుల భవనంలో, మూడో అంతస్తులో, పడమటి వైపు రెండు గదుల్లో ఇద్దరం అద్దెకుంటున్నాం. అటూ ఇటూ పెద్ద పెద్ద కట్టడాలు లేచిపోవడంతో ఫోన్లో సిగ్నల్ కావాలంటే వీధి చివరికి పోవాల్సిందే. ఇన్నాళ్ళూ లైబ్రరీలో పని కానిచ్చుకున్నాం. ఈసారి అక్క వైవాని సెలవులు మొదలయ్యే శనివారం పొద్దున పదకొండింటికి ఆన్‌లైన్లో పెట్టారు, ఆ రోజుకి లైబ్రరీ మూసేస్తారు. వైవా గట్టెక్కితే అక్కకి పరిశోధన సీటు దొరుకుతుంది. ఆ సీట్ల జాబితా ఇంకో మూడు వారాల్లో ఖరారవుతుంది. అందుకని ఇంటికి నెట్ పెట్టించక తప్పలేదు.

మా భవనానికి రెండే కంపెనీల తీగలొస్తాయి. మెట్ల కింద ఒకరిది నీలం డబ్బా, ఇంకొకరిది ఎర్ర డబ్బా. కంపెనీల పేర్లు ఎవరికీ పట్టవు, "మీది నీలమా, ఎరుపా?" అనే అడుగుతారు. ఇంకెవరైనా అయితే ఎదురింటి తలుపు కొట్టి రెండు నిమిషాల్లో తేల్చుకునేవాళ్ళు. అక్క మాత్రం భవనం వాళ్ళ వాట్సాప్ గ్రూపులో పద్నాలుగు ప్రశ్నల ఫారం పెట్టింది. నెట్ స్పీడు కొలిచే ఏర్పాటు కూడా అందులోనే. అందరూ ఒకే సమయంలో కొలిస్తేనే పోలిక న్యాయంగా ఉంటుందట. అందుకని ఆ ఫారం మధ్యాహ్నం పన్నెండు నుంచి ఒంటిగంట వరకే తెరుచుకునేలా చేసింది.

"ఎదురింటి కుట్టుమిషన్ ఆంటీనడిగితే సరిపోదుటే?" అన్నాను.

"ఒక్క మనిషి మాట డేటా కాదే," అంది.

ఇరవై నాలుగు ఇళ్ళకి తొమ్మిది జవాబులొచ్చాయి. ఎనిమిది నీలం వాళ్ళవి, ఎనిమిదింటిలోనూ ‘చాలా బాగుంది’ అనే. తొమ్మిదోది రెండో అంతస్తులో తూర్పు వైపుండే తాతగారిది. ఎర్ర డబ్బా ఆయనొక్కరిదే, ‘పర్వాలేదు’ అని రాసి ఊరుకున్నారు.

"మిగతా పదిహేను ఇళ్ళో?" అన్నాను.

"తీరికలేక రాసుండరు. వాళ్ళూ వీళ్ళలాంటివాళ్ళే అనుకోవచ్చులే."

బుధవారం నీలం కంపెనీ మనిషి వచ్చి ఏడాది ప్లాను పెట్టి వెళ్ళాడు. పొద్దునా సాయంత్రం నెట్ పరుగులు తీసింది. పగలంతా మేం కాలేజీలోనే ఉన్నాం. గళ్ళ కాగితాన్ని గోడకంటించి అక్క రెండు రోజులు నా వైపు గర్వంగా చూస్తూ తిరిగింది. నాకు ఒళ్ళు మండింది.

శనివారం వైవా మొదలైంది. తెర మీద అక్క గైడు, పక్క గడిలో వేరే ఊరి నుంచి పరీక్ష చేసే ప్రొఫెసరు గారు. విద్యార్థుల ఇళ్ళలో నెట్ సౌకర్యం మీద అక్క థీసిస్. ఆరు వందల మందికి ప్రశ్నలు పంపితే నాలుగు వందల పన్నెండు మంది జవాబిచ్చారు. వాళ్ళలో నూటికి తొంభై ఏడుగురికి ఇంట్లో నెట్ ఉంది. ఆ తొంభై ఏడుని చూసి డిపార్ట్‌మెంటంతా మురిసిపోయింది. అక్క సరిగ్గా ఆ అంకె చెప్పబోతుండగా ప్రొఫెసరు గారి మొహం నోరు సగం తెరిచి బిగుసుకుపోయింది. రౌటర్ మీద ఎర్రలైటు వెలిగింది.

స్విచ్చి ఆపి వేశాం, తీగ పీకి పెట్టాం. ఊహూఁ. గడియారంలో పదకొండూ పది. పరిగెత్తుకెళ్ళి ఎదురింటి తలుపు బాదాను. కుట్టుమిషన్ ఆంటీ మెడలో టేపుతో వచ్చింది.

"నెట్టా? ఎండెక్కింది కదమ్మా! మన పడమటి వాటాల నీలం తీగకి మేడ మీద ఒక డబ్బా ఉంది. అది వేడెక్కి ఆగిపోతుంది. మళ్ళీ సాయంత్రం నాలుగింటికే. రోజూ ఉండేదేగా."

అక్క నా వెనకే వచ్చి నిలబడింది. "మరి ఫారంలో ఎందుకు రాయలేదాంటీ?"

"తెరుచుకుంటే కదమ్మా రాసేది? పన్నెండింటికే తెరుచుకుంటుందన్నావు. పన్నెండింటికి మాకు నెట్టెక్కడిది?"

అక్క గోడ పట్టుకుని మెల్లగా మెట్టు మీద కూలబడింది. మొహంలో నెత్తురు చుక్క లేదు. చిన్నప్పట్నుంచీ దానితో దెబ్బలాడుతున్నాను, అంతగా హడలిపోవడం ఎప్పుడూ చూడలేదు. నెట్ పోయినందుకే అనుకున్నాను.

ఆంటీ మాత్రం క్షణం ఆగలేదు. అక్క చెయ్యి పట్టుకుని లేపి, లాప్‌టాప్ నా చేతిలో పెట్టి, ఇద్దర్నీ కింది అంతస్తులో తాతగారింటికి లాక్కెళ్ళింది. ఆయన పేపరు మడిచి కుర్చీ ఖాళీ చేశారు. "మాది ఎరుపమ్మా, గొప్పగా ఏం ఉండదు, కానీ పోదు," అన్నారు. పదకొండున్నరకి మళ్ళీ తెర మీద మొహాలు కదిలాయి.

ప్రొఫెసరు గారు మంచివారు. ఆలస్యానికి ఒక్క మాటా అనలేదు. ఆ తొంభై ఏడుని మెచ్చుకున్నారు, రెండు చిన్న ప్రశ్నలడిగారు. "చాలా బాగుందమ్మా. ఇంకేమైనా చెప్పాలా?" అన్నారు. లేదండీ అంటే అయిపోయేది. సీటు అక్క ఒళ్ళో వాలేది.

అక్క గుమ్మంలో నిలబడ్డ ఆంటీ వైపు చూసింది.

"ఆ తొంభై ఏడు తప్పండి," అంది.

నేను కొయ్యబారిపోయాను. గైడు గారు కళ్ళజోడు తీసేశారు.

"ఇంట్లో నెట్ ఉందా అని నేను ఆన్‌లైన్లో అడిగానండి. లేనివాళ్ళు ఎలా చెప్తారు? నూట ఎనభై ఎనిమిది మంది జవాబివ్వలేదు. వాళ్ళూ మిగతావాళ్ళలాంటివాళ్ళే అని రాసుకున్నాను. అరగంట క్రితం దాకా అదే నిజమనుకున్నానండి."

ఏడాదిగా ఆ థీసిస్‌ని ఎంతమంది చదివారు! ఒక్కరికీ తట్టలేదు, గైడు గారితో సహా. చివరికి ప్రొఫెసరు గారే అన్నారు: "ఆ నూట ఎనభై ఎనిమిది మందినీ ఇళ్ళకెళ్ళి అడుగు. అడిగి తెచ్చింది చూసి మార్కులేస్తాను. కానీ సీట్ల జాబితా నా చేతిలో లేదమ్మా."

మెట్లెక్కుతూ దాన్ని నోటికొచ్చినట్టు తిట్టాను. పిచ్చిదానివన్నాను. అది ఇంట్లోకి రాగానే గోడ మీది గళ్ళ కాగితం పీకి, వెనక్కి తిప్పి, చిరునామాలు రాయడం మొదలుపెట్టింది.

తిట్టిన పాపానికి నేనూ తిరిగాను. మొదటి ఇంట్లో ఒక అమ్మాయి మమ్మల్ని కుర్చీల్లో కూర్చోబెట్టి, తను గచ్చు మీద కూర్చుని, "ఆ ఫారం కాలేజీలో చూశానక్కా. ఇంటికెళ్ళి నింపమన్నారు కదా!" అంది. అక్క తల దించుకుని రాసుకుంది. అలాంటి ఇళ్ళు ఒకటా రెండా! మూడు వారాల్లో ఆ తొంభై ఏడు డెబ్బై దగ్గరికి దిగివచ్చింది.

జాబితా ఖరారయ్యే రోజొచ్చింది. సాయంత్రం అయిదులోగా థీసిస్ ఇచ్చేస్తే సీటుంటుంది. ఇంకా పదకొండు ఇళ్ళు మిగిలాయి, అన్నీ ఊరికి ఆ చివర.

"ఆ పదకొండూ మిగతావాళ్ళలాంటివాళ్ళే అనుకోవే, నీకు దణ్ణం పెడతా," అని నిజంగానే చేతులు జోడించాను.

అక్క నా వైపు ఒక్కసారి చూసి, చిరునామాల కాగితం తీసుకుని చెప్పులేసుకుంది.