శాంతమ్మ పాడిన హారతి

ఈ మాట నాలో పడి యాభై ఏళ్ళు దాటింది. గొంతులో చేపముల్లు గుచ్చుకుంటే అన్నం ముద్ద మింగితే పోతుందంటారు. ఎన్ని ముద్దలు మింగానో. ఇది పోలేదు. మీరెవరో నాకు తెలియదు. నా పేరు మీకు చెప్పను. అలా అయితేనే చెప్పగలను.

మాది శ్రీకాకుళం వైపు ఒక చిన్న క్రైస్తవ సంఘం. అరవైల చివర్లో మా క్వయరుకి మలయా నుంచి పిలుపొచ్చింది. ఎప్పుడో మన వైపు నుంచి రబ్బరు తోటల పనికి వెళ్ళి అక్కడే ఉండిపోయిన తెలుగువాళ్ళు, మన కీర్తనలు మన పద్ధతిలో వినాలని ఆశపడ్డారు. ఓడ ప్రయాణం వాళ్ళే చూసుకుంటామన్నారు, కానీ కొద్దిమందికే. ఆడవాళ్ళలో పాట ఎత్తుకునేది శాంతమ్మ. నేను ఆమె పక్కన వంత పాడేదాన్ని. ఆమె వెళ్తుంది, నాకు చోటు లేదు. ఆమె ఆగిపోతే తప్ప.

శాంతమ్మ నాకంటే కొంచెం పెద్దది. అక్షరం రాదు. ఏ పాటైనా చెవిన పడితే చాలు, మర్నాటికి ఆమెదైపోయేది. నేను పుస్తకం చూసి పాడుతుంటే, కాయితం నములుతున్నావేటని వెక్కిరించేది. వాళ్ళ ఇంట్లో తండ్రి ఒక్కడే సంఘంలో చేరాడు. పెదనాన్నలు, చిన్నాన్నలు అంతా శ్రీకూర్మం దగ్గర వ్యవసాయం చేసుకునే హిందువులు. రాకపోకలు మాత్రం మానలేదు.

ఆ ఏడు వాళ్ళ పెదనాన్న కూతురి పెళ్ళికి తోడుగా నన్నూ తీసుకెళ్ళింది. హారతి వేళకి పాడవలసిన ముసలావిడకి గొంతు పోయింది. ఆడవాళ్ళంతా శాంతమ్మ చుట్టూ చేరి బతిమాలారు. ఇలాంటివి పాడకూడదని మా సంఘం కట్టడి. ఆమెకీ తెలుసు, నాకూ తెలుసు. పెళ్ళికూతురు ముఖం చూసి ఆమె కాదనలేకపోయింది. మంగళహారతి ఎత్తుకుంది. రెండో చరణం నుంచి నేనూ గొంతు కలిపాను. ఎవరూ అడగకుండానే. ఇది గుర్తుపెట్టుకోండి, నేనూ పాడాను.

వారం తిరక్కుండా పాస్టరుగారి ఇంట్లో ఆయన భార్య, అమ్మగారితో కూర్చుని బియ్యం ఏరుతున్నాను. పెళ్ళి బాగా జరిగిందా అని ఆవిడ మామూలుగా అడిగారు. బాగా జరిగిందండీ అని ఊరుకోవచ్చు. శాంతమ్మ హారతి పాడితే పందిరంతా కిమ్మనకుండా విందండీ అన్నాను.

మెచ్చుకోలే కదా? అలా నాకు నేను ఎన్నేళ్ళు చెప్పుకున్నానో. నా స్నేహితురాలి గొంతు గొప్పదని చెప్పాను, అందులో తప్పేముంది? కానీ హారతి అనే మాట ముందు నేను ఒక్క క్షణం ఆగాను. ఆ ఆగడం నాకు తెలుసు. పాట అని ఉంటే సరిపోయేది. ఏ పాటో చెప్పడానికే నోరు తెరిచాను. అమ్మగారి చేయి చేటలోనే ఆగిపోయింది. నేను తల దించుకుని రాళ్ళు ఏరుతూనే ఉన్నాను.

ఆదివారం ఆరాధన అయ్యాక పెద్దలు శాంతమ్మని నిలబెట్టి అడిగారు. పాడాను అని ఒప్పుకుంది. నీతో ఇంకెవరు పాడారు అన్నారు పాస్టరుగారు. నేను స్తంభం పక్కన నిలబడి ఉన్నాను. శాంతమ్మ నా వైపు చూడను కూడా చూడలేదు. ఎవరూ లేరంది. కొన్నాళ్ళు ఆమెని ప్రభువు బల్లకు, అంటే రొట్టె, ద్రాక్షరసం పుచ్చుకునే సంస్కారానికి, దూరంగా ఉంచారు. అలా ఉంచినవాళ్ళు క్వయరులో పాడకూడదు. పాస్‌పోర్టులకు ఇంకా పేర్లు పంపలేదు కాబట్టి, ఆమె బదులు నన్ను రాసుకున్నారు.

ఇంటికి నడిచే దారిలో ఆమెని ఆపాను.

"నా పేరెందుకు సెప్పనేదే?"

"సెప్తే ఏటొస్తాది? ఇద్దరం ఉండిపోతాం. నువ్వైనా ఎల్లు."

"ఎవులు సెప్పారో నీకు తెల్సా?"

"ఎవులైతే నాకేటి? పాడినాను కదా. ఊరికే పుట్టిస్తారేటి? ఒసే, అక్కడోళ్ళు సముద్రం అవతల సెవులు పెట్టుకుని కూకున్నారంట. నీ గొంతు ఇంకా పచ్చిగున్నాది. రేపట్నుంచి మా ఇంటికి రా, నేర్పుతాను."

నేర్పింది. ప్రయాణానికి ఇంకా నెలలున్నాయి. ఆమె పొయ్యి ముందు కూర్చుని పాడేది, నేను వెనక పాడేదాన్ని. ఎక్కడ ఊపిరి తీసుకోవాలో, ఏ మాటని జారవిడవాలో, దేన్ని పట్టుకోవాలో. విసుక్కునేది, నవ్వేది, నేను ఆలస్యంగా వెళ్తే తిట్టేది. తనకి దక్కనిదాన్ని చేతులారా నాకు సిద్ధం చేసింది. అప్పుడు చెప్పలేకపోయానా? ప్రతిరోజూ చెప్పాలనే వెళ్ళేదాన్ని. ఓడ ఎక్కాలని కూడా ఉండేది. రెండోదే గెలిచేది.

మలయాలో రబ్బరు తోట మధ్య రేకుల చర్చి. పొద్దున్నే రబ్బరు పాల కోసం చెట్లు గీసి వచ్చినవాళ్ళు స్నానాలు చేసి, తెల్లబట్టలు కట్టుకుని కూర్చున్నారు. నేను ఎత్తుకోగానే ముందు వరసలో ముసలివాళ్ళు కళ్ళు మూసుకున్నారు. అంతటి ఆనందం మళ్ళీ నేను ఎరగను. అబద్ధమాడను, ఆ గంటసేపు శాంతమ్మ నాకు గుర్తుకూడా రాలేదు. పాట అయ్యాక ఒక ముసలమ్మ నా చేతులు పట్టుకుని, చిన్నప్పుడు వదిలొచ్చిన మా వైపు ఊరిపేరు చెప్పి ఏడ్చింది. ఇలా పాడడం నీకు ఎవరు నేర్పారమ్మా అని అడిగింది. మా సంఘంలో అందరం ఇలాగే పాడతామన్నాను. అక్కడ నిజం చెబితే నాకు ఏ నష్టమూ లేదు. అయినా ఆ పేరు నోట రాలేదు. మొదటి తప్పు ఆశతో చేశాను. ఇది ఎందుకు చేశానో నాకిప్పటికీ తెలియదు.

తిరిగొచ్చాక ఆ పాటలే నాకు బడిలో సంగీతం పంతులమ్మ ఉద్యోగం తెచ్చాయి. ఆ ఉద్యోగం చూసే పెళ్ళి సంబంధం వచ్చింది, మంచివాడు. ఎంతమంది పిల్లలకి పాట నేర్పానో. నేను తిన్న ప్రతి ముద్దా శాంతమ్మ పెట్టినదే. ఈ రాతలో పశ్చాత్తాపం కంటే కృతజ్ఞతే ఎక్కువ కనబడితే తప్పుగా అనుకోకండి. నాకు నిజంగా ఉన్నది అదే. ఆమెని తిరిగి బల్లకు చేర్చుకున్నారు కానీ, క్వయరులోకి ఆమె మళ్ళీ రాలేదు. సాలూరులో లారీ నడిపే అతన్ని చేసుకుని వెళ్ళిపోయింది.

మొన్న వేసవిలో సాలూరు వెళ్ళాను. గుమ్మంలో నన్ను చూసి గట్టిగా నవ్వి పక్కన కూర్చోబెట్టుకుంది. ఇంక ఆలస్యం చేస్తే మళ్ళీ చెప్పలేనని మొదలుపెట్టాను. బియ్యం ఏరడం, హారతి అన్న మాట, ఆ ఆగడం, మలయాలో ముసలమ్మ, అన్నీ. ఏడుస్తూ చెప్పాను. ఆమె నా నోటివంకే చూస్తూ, నా మోకాలి మీద అరచేత్తో తాళం వేస్తోంది.

"బాగా పాడుతన్నావే. ఆపకు, పాడు," అంది.

అప్పుడు తెలిసింది, ఆమె చెవులు పూర్తిగా పోయాయని.

వెనక ఆమె కోడలు టీ గ్లాసులతో నిలబడి ఉంది. అంతా వింది. గ్లాసులు మా మధ్య పెట్టి, నా ముఖం చూడకుండా లోపలికి వెళ్ళిపోయింది. ఆ పిల్ల నన్ను తిట్టలేదు, ఓదార్చలేదు. అత్తకి సైగలతో చెప్పిందో లేదో కూడా నాకు తెలియదు. యాభై ఏళ్ళ తర్వాత ఈ లోకంలో నా సంగతి తెలిసిన మనిషి ఒకరున్నారు. ఇప్పుడు మీరూ ఉన్నారు. శాంతమ్మ చెయ్యి ఇంకా నా మోకాలి మీదే ఉంది. నేను టీ తాగాను.