గేటు దగ్గర అరచేతులు

ఐటీ ఉద్యోగానికని సింగపూర్ వచ్చిన కొత్తలో, బూన్ లేలో మా బ్లాక్ కింది కిండర్‌గార్టెన్ గేటు దగ్గర ఒక ఆంటీ ఉండేది. రోజూ పొద్దున్నే పిల్లల అరచేతులు తిప్పి చూసి "బాగున్నావు, పో" అనేది. ఎర్ర మచ్చలుంటే మాత్రం అంటురోగమని ఇంటికి పంపెయ్యాలి, అది బడి నియమం. ఆవిడ తాతలెప్పుడో కోస్తా నుంచి వచ్చారట. ఆవిడ తెలుగులో అరవం, ఇక్కడి ఇంగ్లీషు కలిసేవి.

ఒక ఆషాఢంలో, అమ్మ పంపిన ఆకుపొడి కలిపి, ఆ బడికే వెళ్లే మా పాప అరచేతిలో చందమామ, చుట్టూ చుక్కలు పెట్టాను. మర్నాడు ఆ చెయ్యి చూసి ఆంటీ ఉలిక్కిపడింది.

"అయ్యో, స్పాట్స్! కెనాట్ లా, లోపలికి కూడదు, ఇంటికి తీసుకుపో మా."

"గోరింటాకు ఆంటీ!"

ఆవిడ పాప చేతిని ముక్కుకి ఆనించుకుంది. వెనక లైను పెరుగుతున్నా వదల్లేదు.

"మా అవ్వ చేతి వాసన మా," అంది చివరికి. "డ్యూటీలో కూడదు. సెలవుల్లో వస్తా, నాకూ పెట్టు."

సెలవులు వచ్చేసరికి ఆవిడని ఇంకో బ్రాంచికి మార్చేశారు.

పాప పెద్దదైంది, గోరింటాకు వద్దంటుంది. ఆషాఢంలో నాకు నేనే పెట్టుకుంటాను. కడిగాక వాసన చూస్తే అమ్మ కంటే ముందు ఆవిడే గుర్తొస్తుంది. అరచేతులు చాపి కాసేపలాగే నిలబడతాను, ఎవరో "బాగున్నావు, పో" అంటేగానీ కదలకూడదన్నట్టు.