చర్చి పేరు, బడి పేరు

మా ఇంట్లో అందరికీ రెండేసి పేర్లుండేవి. పాస్టరయ్య బైబిల్లోంచి తీసి పెట్టింది ఒకటి, బడిలో చేర్చేటప్పుడు హెడ్మాస్టరు రాసుకున్నది ఇంకొకటి. చండ్రుగొండ దాటి అడవి వైపు వెళ్తే వచ్చే మా వాడలో ఏ ఇల్లు చూసినా ఇదే వరస. ఆదివారం ఒక పేరు, సోమవారం ఒక పేరు. ఎందుకంటే ఎస్సీ సర్టిఫికెట్ క్రైస్తవులకు ఇవ్వరు. బాప్తిస్మం తీసుకున్నామని తెలిస్తే ఇచ్చింది కూడా ఊడబెరుక్కుంటారు. మేం దేవుణ్ణి మార్చుకున్నాం గానీ, మమ్మల్ని బావి దగ్గరికి రానివ్వనివాళ్ళు ఏమన్నా మారారా? అందుకని మాలో ఎవరికీ ఇది అబద్ధమని అనిపించలేదు. నాకు ఇప్పటికీ అనిపించదు.

అన్నయ్యకు వైరాలో సర్కారు గుమస్తా ఉద్యోగం వచ్చింది బడి పేరు మీద. నా పెళ్ళి జరిగింది చర్చి పేరు మీద. మా ఇద్దరి బతుకుల్లో తేడా అంతా అక్కడే ఉంది.

పెళ్ళికొడుకు వెల్డరు. గల్ఫులో కొన్నాళ్ళు చేసి, అక్కణ్ణుంచి ఒక చలిదేశం చేరి, అక్కడే ఉండిపోవడానికి కాగితాలు సంపాదించుకున్నాడు. ఏ దేశమో చెప్పను, ఆ పేరు వింటేనే నాకు ఒళ్ళు మండుతుంది. సెలవు మీద వచ్చి నన్ను చేసుకుని, నెల తిరక్కుండానే వెళ్ళిపోయాడు. ఆ కొద్ది రోజులూ బాగానే చూసుకున్నాడు, లేనిపోనివి ఎందుకు చెప్పాలి. అక్కడ మంచు పడుతుందన్నాడని నేను నడి ఎండాకాలంలో అరుగు మీద కూర్చుని స్వెట్టరు అల్లుకునేదాన్ని. పొయ్యి మీద కూర్చుని రగ్గు కప్పుకున్నట్టుందని వాడలో ఆడవాళ్ళు నవ్వేవాళ్ళు. నవ్వితే నవ్వారు, నాకేం తక్కువ అనుకునేదాన్ని.

వెళ్ళగానే ఆయన నన్ను పిలిపించుకోవడానికి అర్జీ పెట్టాడు. భార్య పేరు అన్నచోట చర్చి రిజిస్టరులో ఉన్నదే రాశాడు. అందులో తప్పేముంది, ఇంట్లో నన్ను పిలిచేది ఆ పేరుతోనే. ఇక్కడ నేనేమో పదో తరగతి సర్టిఫికెట్ పెట్టి పాస్‌పోర్టు తీయించుకున్నాను. అందులో పడింది బడి పేరు.

ఢిల్లీలో ఉన్న ఆ దేశపు ఆఫీసు నుంచి ఉత్తరం వచ్చింది. మీ భర్త చెప్పిన భార్య వేరు, పాస్‌పోర్టు పంపిన మనిషి వేరు, ఇద్దరూ ఒకరే అయితే తల్లిదండ్రుల చేత ప్రమాణపత్రం రాయించి పంపండి అని దాని సారాంశం. నాయినా నేనూ ఖమ్మం వెళ్ళి వకీలును కలిశాం. ఆయన తేలిగ్గా నవ్వాడు. ఫలానా అమ్మాయికే బాప్తిస్మంలో ఫలానా పేరు పెట్టామని స్టాంపు కాగితం మీద ఒక అఫిడవిట్ కొడితే అయిపోతుందన్నాడు. బస్టాండులో నాయిన చేత మిర్చి బజ్జీలు కొనిపించుకుని తిన్నాను. అంత సంతోషం నాకు మళ్ళీ కలగలేదు.

ఆ ఆదివారం అన్నయ్యా వదినా వచ్చారు. సంగతి విని అన్నయ్య అన్నం సగంలోనే చెయ్యి కడిగేశాడు. బాప్తిస్మం అన్న మాట స్టాంపు కాగితం మీదికి ఎక్కితే తన ఉద్యోగం పోయినట్టేనన్నాడు. ఒకే నాయిన, ఒకే ఇంటిపేరు, చెల్లెలు క్రైస్తవురాలని తేలితే అన్న ఇంకేమవుతాడు? ఆఫీసులో తన కుర్చీ మీద కన్నేసినవాడు ఒకడున్నాడట, పిటిషన్ రాయడానికి సందు కోసం చూస్తున్నాడట. నాకు కోపం ఆగలేదు. నీ కుర్చీ కోసం నేను మొగుడుండీ లేనిదానిలా పడి ఉండాలా అని అడిగాను. దానికి జవాబు అమ్మ చెప్పింది.

"నీకు పోతే ఒక్క మొగుడు. వానికి పోతే ఇంటిల్లిపాదికీ కూడు పోతది బిడ్డా."

కన్నతల్లి నోట్లోంచి వచ్చిన మాట అది. ఒక్క మొగుడట, నాకేదో పదిమంది ఉన్నట్టు. నాయిన బీడీల తునికాకు కల్లంలో ఎండకు మాడి కాలేజీ దాకా చదివించింది అన్నయ్య ఒక్కణ్ణే, ఆ ఇంటికి జీతం తెచ్చేదీ అతనొక్కడే. ఆ సంగతి నాకు మాత్రం తెలియదా? తెలిసినంత మాత్రాన కడుపుమంట చల్లారదు.

ఉపాయం కూడా అన్నయ్యే తెచ్చాడు. బడి పేరుతో రిజిస్ట్రారు ఆఫీసులో మళ్ళీ పెళ్ళి చేసుకుంటే బాప్తిస్మం ఊసే రాదు. చిక్కల్లా ఒకటే. పెళ్ళయిందని ఆయన అక్కడ రాసిచ్చి ఉన్నాడు, ఒక భార్య ఉండగా ఇంకో భార్య కుదరదు. విడాకులంటే కోర్టుకెళ్ళాలి, ఆ పేరుగల మనిషి బోనులో నిలబడి ఆ పేరు నాదేనని చెప్పాలి. అన్నయ్య వాకిలి వైపు ఒకసారి చూసి గొంతు తగ్గించాడు.

"ఆ పేరు సచ్చిపోయిందని రాపిద్దాం. మనిషికేమైతది? ఉత్త కాయితమే గదా."

ఆయనకు ఉత్తరం రాస్తే, ఏదో ఒకటి చెయ్యండి, జల్దీ చెయ్యండి అని జవాబు వచ్చింది. ఆ జల్దీ చూసి మురిసిపోయాను. నా కోసం ఎంత ఆరాటపడుతున్నాడో అనుకున్నాను. కుక్కతోక పట్టుకుని గోదారి ఈదేవాళ్ళ గురించి చిన్నప్పటి నుంచీ వింటూనే ఉన్నాను గానీ, నేను పట్టుకున్నది ఏమిటో నాకు తెలియలేదు.

పంచాయతీ గుమస్తా మా ఇంటికే వచ్చాడు. టీ పెట్టి ఇచ్చింది నేనే. దేంతో పోయిందని రాయాలె అని అడిగాడు. వదిన పాము అంది. పాము కరిచిందంటే పోలీసుల దాకా పోతుందని గుమస్తా ఒప్పుకోలేదు. చివరికి జ్వరం దగ్గర అందరూ ఒక మాట మీదికి వచ్చారు. మా అడవి పక్క జ్వరంతో పోయిందంటే ఇంకెవరూ ఏమీ అడగరు. నాయిన బొటనవేలికి సిరా పూసుకుని ముద్ర వేశాడు, వేలు పంచెకు తుడుచుకుంటూ బయటికి వెళ్ళిపోయాడు.

ఆ రోజు నుంచి ఇంట్లో నన్ను చర్చి పేరుతో పిలవడం మానేశారు. ఎవరన్నా వింటారని భయం. అమ్మ కూడా బడి పేరుతోనే, హాజరు పిలిచినట్టు పిలిచేది. అలవాటు లేక నేను పలికేదాన్ని కాదు. చెవుడొచ్చిందా అని తిట్టేది.

సర్టిఫికెట్ రిజిస్టరు పోస్టులో ఆయనకు పంపాం. ఇక ఆయన వచ్చి నాతో కలిసి సంతకం పెట్టడమే తరువాయి. వానలకు ముందు వస్తానని రాశాడు. వానలు వచ్చి పోయాయి. క్రిస్మస్‌కు వస్తానని రాశాడు. ఆ తర్వాత రాయలేదు.

రాసింది అక్కడి చర్చివాళ్ళు, అదీ మా పాస్టరయ్యకు. ఆయన ఆ ఇంగ్లీషు ఉత్తరం పట్టుకుని సాయంత్రం మా ఇంటికి వచ్చి, నిలబడే చదివి అర్థం చెప్పాడు. మీ సంఘంలో పెళ్ళి చేసుకున్న ఫలానా ఆయన, భార్య చనిపోయిన సర్టిఫికెట్ చూపించి, ఇక్కడ మా సంఘంలో ఒకామెను పెళ్ళాడబోతున్నాడు, ఆ మరణం నిజమేనని మీరు ధ్రువీకరించి పంపవలసింది.

అమ్మ గుండెలు బాదుకుంది. నేను ఏడవలేదు. ఓహో, ఆ జల్దీ ఇందుకా అనుకున్నాను. ఆ వెంటనే సిగ్గు లేకుండా ఒక ఆశ కూడా పుట్టింది. మనిషి బతికే ఉందని పాస్టరయ్య ఒక్క ముక్క రాస్తే ఆ పెళ్ళి ఆగిపోతుంది, ఆయన నా మొగుడిగానే మిగులుతాడు. పాస్టరయ్య అన్నదీ అదే. బతికున్న బిడ్డను చచ్చిందని తన చేత్తో రాయనన్నాడు.

అన్నయ్య ఆ పూట ఊళ్ళోనే ఉన్నాడు. గొంతు పెంచకుండా ఒక్కొక్కటే చెప్పాడు. బతికుందని రాస్తే, దొంగ సర్టిఫికెట్ పుట్టించినందుకు నాయిన జైలుకు పోతాడు. ఎందుకు పుట్టించారని తవ్వితే తన ఉద్యోగం పోతుంది. అంతటితో ఆగుతుందా, వాడ వాడంతా ఎవరికెన్ని పేర్లో లెక్క తీస్తారు. అప్పుడు పాస్టరయ్య మొహంలోకి చూసి అడిగాడు.

"మీ పెద్దోడు పంతులు నౌకరి ఏ పేరు మీద చేస్తుండు అయ్యగారూ?"

పాస్టరయ్య అప్పుడు కూర్చున్నాడు. మంచినీళ్ళు అడిగి తాగాడు. సంచిలోంచి తెల్లకాగితం తీసి, అన్నయ్య ఇచ్చిన పెన్నుతో, ఇంగ్లీషులో మూడు నాలుగు వరసలు రాశాడు. తండ్రి ముద్ర కూడా ఉంటే మంచిదన్నాడు. నాయిన మళ్ళీ వేలు చాపాడు. వేలిముద్ర పక్కన అది ఎవరిదో చదువొచ్చినవాళ్ళు రాసి సంతకం పెట్టాలి. అన్నయ్య చర్చి కాగితం మీద పేరు పెట్టడు. అమ్మకూ వదినకూ రాయడం రాదు. బయటివాళ్ళను పిలిచే పని కాదు. పెన్ను పాస్టరయ్య చేతిలోనే ఉండిపోయింది. ఎవరూ నా వైపు చూడలేదు.

ఇటివ్వండి అన్నాను. వద్దని ఒక్కరైనా అంటారేమోనని కాసేపు పెన్ను అలాగే పట్టుకుని కూర్చున్నాను. ఎవరూ అనలేదు. ఈ వేలిముద్ర చనిపోయిన అమ్మాయి తండ్రిదేనని, ఆయన నాకు తెలుసునని రాసి, కింద బడి పేరుతో సంతకం పెట్టాను. అన్నయ్య వంగి అక్షరం అక్షరం చదువుకుని, సరిగ్గానే ఉందన్నాడు.