అక్క వీపు మీద పెట్టని చెయ్యి

మా చర్చి క్వయర్‌లో మనిషిని కొలిచే పద్ధతి ఒకటుండేది. కొత్తగా వచ్చిన కుర్రాణ్ణి మాస్టారు హార్మోనియం పక్కన నిలబెట్టేవారు. తను వెనక్కి వెళ్ళి, వాడి రెండు భుజాల ఎముకల మధ్య అరచెయ్యి ఆనించి, "ఆ... అనవయ్యా" అనేవారు. మాస్టారు భార్యే మా హార్మోనిస్టు. ఆవిడ కింది స్వరం నుంచి ఒక్కొక్క మెట్టే పైకి వాయిస్తూ పోయేది. ఏ మెట్టు దగ్గర వాడి ఎముక మోగిందో అక్కడ మాస్టారు కళ్ళు మూసుకునేవారు. "ఇదీ నీ చోటు. వెళ్ళి బేస్‌లో నిలబడు." లేదా, "టెనర్‌లో నిలబడు." మగవాళ్ళలో కింది గొంతు బేస్, పై గొంతు టెనర్. ఆ తీర్పుకు అప్పీలు లేదు.

"మనిషి ఒళ్ళు కుండలాంటిదయ్యా. ప్రతి కుండకీ దాని మోత దానికుంటుంది. ఆ మోత దగ్గర పాడితే గొంతుకి శ్రమ ఉండదు, ఒళ్ళే పాడుతుంది" అనేవారాయన. మాట నిజమే. సికింద్రాబాదులో ఒక బడిలో పిల్లలకు అనునాదం పాఠం చెప్పి బతికేవాణ్ణి నేను. ఒక వస్తువుకు సొంతమైన స్వరం తగిలినప్పుడు అది తనంతట తానే ఊగుతుందని నల్లబల్ల మీద రాసి రాసి వేళ్ళు అరగదీసుకున్నవాణ్ణి. అంతకంటే బాగా ఆయన కుండతో చెప్పేశారు. నన్నూ అలాగే కొలిచి బేస్‌లో పడేశారు. నేను "ఆ" అన్నప్పుడు బల్ల మీదున్న పూలకుండీ జానెడు పక్కకు జరిగిందని ఇప్పటికీ చెప్తుంటాను. జానెడు జరగలేదు. బెత్తెడు జరిగింది.

ఆడవాళ్ళకు ఈ కొలత లేదు. ఆడమనిషి వీపు మీద చెయ్యెలా పెడతారు? పెట్టకూడదు, ఒప్పుకుంటాను. కానీ కొలవడానికి ఇంకో దారి వెతకాలి కదా. వెతకలేదు. మాస్టారికి అంతకంటే సులువైన లెక్క దొరికింది. పెళ్ళి కాని పిల్లలు సొప్రానో, అంటే పైగొంతు. పిల్లల్ని కన్నవాళ్ళు ఆల్టో, అంటే కిందిగొంతు. ప్రసవంతో గొంతు దిగుతుందని ఆయనకు ఎవరు చెప్పారో, ఏ ఆస్పత్రిలో చూసొచ్చారో నాకు తెలియదు. ఎవరూ అడగలేదు. పెళ్ళయి, పిల్లలు పుట్టని ఆడది ఎక్కడ నిలబడాలో ఆయన లెక్కలో లేదు. ఉన్నచోటనే ఉండిపోవాలన్నమాట.

మా అక్క అలా ఉండిపోయింది.

నలభై దాటిన మనిషి. కాప్రాలో కాపురం, అక్కడే ఒక బడిలో హిందీ టీచరు. జుట్టు సగం నెరిసింది. పదహారేళ్ళ పిల్లల పక్కన, రిబ్బన్ల మధ్య, సొప్రానో వరుసలో నిలబడేది. ఆ ఎత్తులో ఆమె గొంతు పలకదు. పలికిస్తే చీలుతుంది. "గట్టిగా పాడకమ్మా, పాట పాడవుతుంది. పెదాలు కదిలించు చాలు" అని మాస్టారు మెల్లగా, ప్రేమగా చెప్పేవారు. ఆ ప్రేమే నాకు మంట. తిట్టి ఉంటే తిరిగి తిట్టేవాళ్ళం. ఎన్నో క్రిస్మస్‌లు, ఎన్నో ఈస్టర్లు మా అక్క దేవుని సన్నిధిలో చేప నోరు ఆడించినట్టు పెదాలు ఆడిస్తూ నిలబడింది.

అప్పటికి రాష్ట్రం ఇంకా ఒక్కటే. మా టెనర్‌లలో ఒకాయనకు బెజవాడ బదిలీ అయింది. ఈస్టర్ ఇంకా మూడు వారాలుందనగా శనివారం ప్రాక్టీసులో మాస్టారు చేతులు జోడించి అడిగారు.

"టెనర్‌లో ఇద్దరే మిగిలారర్రా. అందులో ఒకరికి ఏడాదంతా జలుబే. మీ ఇళ్ళల్లో తమ్ముళ్ళు గానీ బావమరుదులు గానీ ఉంటే తీసుకురండి."

అక్క చెయ్యెత్తింది.

"ఎవర్ని తెస్తావమ్మా?"

"ఎవర్ని తెస్త సర్, నేనే పాడుత. టెనర్."

హాలంతా నవ్వింది. మాస్టారూ నవ్వారు, అదే ప్రేమతో. "నీకు మీసాలొచ్చాక చూద్దాంలేమ్మా."

ప్రాక్టీసు రోజు అక్క కాప్రాకు పోకుండా సీతాఫల్‌మండిలో మా ఇంట్లోనే ఉండిపోయేది. ఆ సాయంత్రం మా ఆవిడ పుట్టింట్లో ఉంది. ఉప్మా చేద్దామని అక్క పల్చటి స్టీలు పళ్ళెంలో రవ్వ పోసుకుని, అంచును మెడ కింది ఎముకకు ఆనించుకుని, నిలబడే ఏరుతోంది. ఏరడం తక్కువ, తిట్టడం ఎక్కువ.

"మీసాలంట! ఆయనకున్నయి గదా మీసాలు, ఆయన్నే పాడుమను టెనర్! ఏంరా, నువ్వు సుత నవ్వినవా?"

"నేను నవ్వలే అక్కా."

"బేసోళ్ళందరు నవ్విన్రు. నువ్వు బేస్‌ల లేవా?"

"దగ్గొచ్చింది."

"నీ దగ్గు నాకు తెల్వదారా? చిన్నప్పట్నుంచి చూస్తున్న."

కోపంతో ఈస్టర్ పాటలోని టెనర్ వంతును అక్కడే అందుకుంది. మాటలు లేకుండా, నోరు మూసుకుని, లోపలి నుంచి. నేను ఉల్లిపాయ కోస్తూ తల తిప్పి చూశాను. పళ్ళెంలో రవ్వ నడుస్తోంది. చీమల బారులా నడిచి, గీతలు గీతలుగా పోగవుతోంది.

"అక్కా, కదలకు! ఆ సురం మళ్ళ పట్టు!"

"ఏమైందిరా, పురుగుందా?"

పురుగు కాదు. ఉల్లిపాయ పక్కన పడేసి మంచం కింది పాత హార్మోనియం బయటికి లాగాను. అక్కను నిలబెట్టి మెట్లు వాయించాను. సొప్రానో ఎత్తులో రవ్వ రాయిలా పడి ఉంది. కిందికి దిగుతున్నకొద్దీ ఒణికింది. టెనర్ పాడే నడిమి స్వరం దగ్గర గంతులేసింది. అదే స్వరాన్ని, పళ్ళేన్ని ఒంటికి దూరంగా పట్టుకుని పాడించాను. రవ్వ కదల్లేదు. అంటే ఊపింది గాలి కాదు, ఎముక. నా ఛాతీకి ఆనించుకుని చూశాను. నా చోటు ఇంకా చాలా కింద ఉంది. బడిలో శ్రుతిదండాలు మోగించి పిల్లలకు చూపించే పాఠమే ఇది. మా అక్క ఒళ్ళు ఏ స్వరానికి పుట్టిందో ఉప్మా రవ్వ చెప్పింది.

అక్క పళ్ళెంలోకి చూస్తూ, "ఇన్నేండ్లు" అంది. అంతే. ఆ రాత్రి ఉప్మాలో ఉప్పు పడలేదు. ఇద్దరం గమనించలేదు.

తర్వాతి శనివారం పళ్ళెం, రవ్వ సంచిలో వేసుకుని ప్రాక్టీసుకు వెళ్ళాను. ఒళ్ళు ఉడికిపోతోంది. అందరినీ ఆపి, ముందు నా మీద చూపించాను. తర్వాత మా బేస్‌లో భారీగా ఉండే ఒకాయన మీద చూపించాను. అందరూ లేచి చుట్టూ మూగారు, నవ్వారు, చప్పట్లు కొట్టారు. అప్పుడు అక్క చేతికి పళ్ళెం ఇచ్చాను. అక్క పాడింది. టెనర్ స్వరం దగ్గర రవ్వ పళ్ళెం దాటి ముందు వరుసలో వాళ్ళ చెప్పుల మీద పడింది. ఇది కోత కాదు, పడింది.

వెనక నుంచి ఒకడు, "సారూ, పళ్ళెం కింద అయస్కాంతం పెట్టినవా?" అన్నాడు.

"రవ్వల ఇనుప రజను కలిపిండు. సైన్స్ సారు గదా!"

మాస్టారు కళ్ళద్దాలు తుడుచుకుంటూ అన్నారు. "ఏవయ్యా, మొన్న మీ తాతగారు తుమ్మితే సీతాఫల్‌మండిలో ఆగిన రైలు కదిలిందన్నావు. ఇవాళ మీ అక్క పాడితే ఉప్మా ఎగిరిందంటున్నావు. రేపేం చెప్తావు?"

మళ్ళీ నవ్వులు. నా అబద్ధాలన్నిటికీ టీ తాగుతూ తలలూపిన జనం వీళ్ళే. తాతయ్య తుమ్ము నమ్మారు, మా మేనత్త కుట్టుమిషన్ మీద మౌలాలి గుట్టెక్కిందంటే "అవునా?" అన్నారు. చెప్పుల మీద పడ్డ రవ్వను మాత్రం దులుపుకుంటూ నవ్వుతున్నారు. అరిచాను. ఏమరిచానో గుర్తులేదు. పాస్టరుగారి ముందు అనకూడని మాట ఒకటి అన్నానని తర్వాత చెప్పారు. ఆయన ఆ పూట అక్కడ లేకపోవడం ఆయన అదృష్టం.

అక్క నా చేతిలో పళ్ళెం పెట్టింది. "నువ్వు పోయి కూసో. నా గొంతును తీస్కపోయి నీ తాత తుమ్ముల కలిపినవ్."

ఆ మాట నాకు మాస్టారి మాటకంటే ఎక్కువ తగిలింది. వెళ్ళి కూర్చున్నాను.

అక్క హార్మోనియం దగ్గరికి నడిచింది. కొంగు భుజాల చుట్టూ కప్పుకుని, మాస్టారి వైపు వీపు తిప్పి నిలబడింది. కుర్రాళ్ళందరూ నిలబడే చోటది.

"పళ్ళెం వద్దు సర్. అందర్ని కొలిచినట్టే నన్ను కొల్వుండ్రి."

మాస్టారి చెయ్యి కాస్త లేచింది. లేచి, జేబులోకి పోయి రుమాలు తీసింది. "బాగుండదమ్మా. నలుగురూ తప్పుగా అనుకుంటారు."

"ఎవరనుకుంటరు సర్? ఉన్నది ఈడున్నోళ్ళమే గదా. అడుగుండ్రి."

పైన ఫ్యాన్ టకటకమంటోంది. అక్క అలాగే నిలబడి ఉంది, గోడను చూస్తూ. అంతమంది మగవాళ్ళకు వీపు చూపించి నిలబడడం ఎంత కష్టమో నాకు కనిపిస్తోంది. ఆమె చెవుల కింద ఎర్రబడింది.

అప్పుడు హార్మోనియం తిత్తి ఉస్సుమని మూసుకుంది. మాస్టారి భార్య లేచింది. క్వయర్‌లో ఆవిడ మాట్లాడగా మేము విన్నది తక్కువ.

"ఇలా వచ్చి మీరు వాయించండి. చెయ్యి నేను పెడతాను."

"నీకేం తెలుసే?"

"ఇన్నేళ్ళూ మెట్లు వాయించింది నేనే కదండీ. చెయ్యి మీకుంటే నాకు లేదా? కూర్చోండి."

ఆయన కూర్చున్నారు. మాకందరికీ సంగీతం నేర్పిన మనిషికి తిత్తి తొయ్యడం సరిగా రాదని ఆ పూటే తెలిసింది. స్వరం ముక్కుతూ మూలుగుతూ దిగింది. అక్క "ఆ" అంటూ దానితో పాటు దిగింది. ఆవిడ అరచెయ్యి అక్క భుజాల మధ్య ఆనించి ఉంది. ఒక మెట్టు దగ్గర ఆవిడ కళ్ళు మూసుకోలేదు, ఇంకా పెద్దవి చేసింది.

"ఆపండి. ఇక్కడే."

"అంత కిందా?"

"నా మోచేతి దాకా మోగుతోందండీ. నమ్మకపోతే వచ్చి నా చెయ్యి మీద చెయ్యి పెట్టి చూడండి."

ఆయన లేవలేదు.

"రారు కదా. అయితే నమ్మండి" అంది ఆవిడ.

మాస్టారు చాలాసేపు రుమాలుతో మెడ తుడుచుకున్నారు. "సరే. ఈ ఈస్టరుకి పాడనీ, చూద్దాం. కానీ అమ్మా, నిలబడ్డం మాత్రం మీ ఆడవాళ్ళ వరుసలోనే."

"పక్కన నా సురం పాడేటోళ్ళు లేకుంటే నేనెట్ల పట్టుకోవాలె సర్?" అని, జవాబు కోసం ఆగకుండా అక్క నడవ దాటి మగవాళ్ళ వైపు వెళ్ళింది. టెనర్‌లో ఒకాయన దూరం జరిగాడు. మర్యాదకు కాదు, అంటుకుంటుందేమో అన్నట్టు. ఏడాదంతా జలుబుండే ఆయన మాత్రం ముక్కు చీదుకుని, "రండి మేడమ్, జెర గట్టిగ పాడుండ్రి. నాకు సుత సురం దొరుకుతలేదు" అన్నాడు.

ఈస్టర్ నాడు పాడాం. నేను వెనక వరుసలో ఉన్నాను. నా ముందు నుంచి ఆ నడిమి గొంతు లేచింది. ఇన్నేళ్ళూ మా పాటకు నడుము లేదని అప్పుడు తెలిసింది. బేస్ మీద కాళ్ళు మోపి, సొప్రానోను భుజం మీద ఎత్తుకున్నట్టు పాడింది. అక్క వీపు నాకు కనిపిస్తూనే ఉంది. నేను ఏడ్చానని మా ఆవిడ అంటుంది. అది ఆమె కల్పించింది. మా ఇంట్లో కోతలు కోసేది నేనొక్కణ్ణే కాదు.

ఆరాధన అయ్యాక బయట షామియానా కింద టీ, బన్ను ఇస్తున్నారు. చర్చి పెద్దల్లో ఒకాయన మాస్టారి దగ్గరికి వచ్చి భుజం తట్టాడు.

"ఈసారి టెనర్ బ్రహ్మాండంగా ఉంది మాస్టారూ. ఆ గొంతును ఎక్కడ పట్టుకొచ్చారు?"

మాస్టారు వినయంగా నవ్వి, కుడి అరచెయ్యి పైకెత్తి చూపించారు. "గొంతులు వెతికి పట్టుకోవాలండీ. ఎంతమందిని కొలిచిన చెయ్యి ఇది! ఎప్పుడూ మోసం చెయ్యలేదు."

పక్కనే ఆయన భార్య బన్ను తుంచుకుంటోంది. తల ఎత్తలేదు. నమలడం మాత్రం ఆపింది.

నా టీ నేల మీద పోసేశాను. రెండడుగులు వేశానో లేదో, వెనక నుంచి అక్క నా చొక్కా పట్టుకుంది.

"ఎటు పోతున్నవ్?"

"ఆ చెయ్యి నీ వీపు మీద ఎప్పుడు పడ్డదో అడుగుత. అందరి ముందల అడుగుత."

"ఆగు. వచ్చే ఆదివారం పాటకు టెనర్ కాయితం ఇంకా ఇయ్యలే. ఇప్పుడు అడిగినవనుకో, పోయి మళ్ళ రిబ్బన్ల పక్కన నిలవడాలె నేను."

"అట్లని ఊకుందుమా? ఆయన..."

"ఊకోమని ఎవరన్నరు? ఆగుమన్న."

ముఖం కడిగిన పలకలా పెట్టుకుని అక్క మాస్టారి దగ్గరికి వెళ్ళింది. ఆ పెద్దాయన ఎదురుగానే చెయ్యి చాచింది. మాస్టారు తడబడుతూ సంచి వెతికారు. సొప్రానో కాయితం బయటికొచ్చింది. అక్క చెయ్యి కదల్లేదు. ఆల్టోది వచ్చింది. కదల్లేదు. చివరికి టెనర్‌ది వచ్చింది. తీసుకుని, అక్కడే నిలబడి మొదటి గీత పెదాలు కదిలిస్తూ, గొంతుతో సహా, చదువుకుంది. మడిచి బ్యాగులో పెట్టి జిప్పు లాగింది.

తర్వాత నా వైపు తిరిగి, "ఇగ పో, అడుగు" అంది.