గోనెపట్టా కింద ఇరుసు

పన్నెండేళ్లుగా ఒక బరువు మోస్తున్నాను. ఇనుముతో బతికేవాడిని, బరువు అనే మాట ఊరికే వాడను. పాలకొల్లు దగ్గర నాకు పాత ఇనుము షెడ్డు ఉంది. పాత జీపులు విప్పి, పనికొచ్చే భాగాలు తీసి, వాటితో ట్రాలీలు కడతాను. నా పేరు ఇక్కడ రాయడం లేదు. రాస్తే ఈ చుట్టుపక్కల గుర్తుపట్టని వాళ్లుండరు. గొప్పకి చెప్పడం లేదు. సరే, కొంచెం గొప్పకే.

ఎందుకంటే పాత జీపు ఇరుసు చూసి అది ఏ కాలం బండిదో చెప్పడంలో నాతో సరితూగేవాడు ఈ డెల్టాలో లేడు. ఇప్పటికీ అదే మాట అంటాను. వెనకటి జీపుల్లో చక్రాల మధ్య ఉండే గుండ్రటి డబ్బా సరిగ్గా నడిమధ్యన ఉండదు, ఒక పక్కకి జరిగి ఉంటుంది. అందుకని దాని రెండు వైపులా ఉండే గొట్టాల్లో ఒకటి పొడుగు, ఒకటి పొట్టి. మా షెడ్డులో వాటిని చేతులంటాం. డబ్బా మూతకి బోల్టులెన్నో, స్ప్రింగు కూర్చునే చోటు ఎంత అరిగిందో చూస్తే మిగతా జాతకం బయటపడుతుంది. షెడ్డుకి వచ్చేవాళ్లకి ఇదొక వేడుక. ఇరుసు మీద గోనెపట్టా కప్పి, చెప్పమంటారు. నేను పట్టా కింద నా చేతులు పెట్టి తడిమి చెబుతాను. ఒక్కసారి కూడా తప్పలేదు.

సత్యం నరసాపురం దగ్గర చేపల వేటకి వెళ్లే మనిషి. ఇది అతని అసలు పేరు కాదు. అతనూ, అతని చెల్లెలి భర్తా కలిసి ఒక పడవ నడిపేవారు. మరమ్మతుకి పడవను రేవు నుంచి గట్టు మీదికి లాగడానికి ట్రాలీ కావాలని నా దగ్గరికి వచ్చాడు. ఆ పనికి పాత జీపు ఇరుసంత గట్టిది ఇంకొకటి లేదు. అప్పుడే ఒకటి వచ్చి పడి ఉంది. పక్క షెడ్డులో లేతు మిషను మీద పనిచేసే టర్నరు దాన్ని చూసి, తుప్పు సరుకు తెచ్చానని వెక్కిరించాడు. నాకు రోషం వచ్చింది. గోనెపట్టా కప్పమన్నాను.

పదిమంది మూగారు. తడిమాను. పొడుగు చెయ్యి, పొట్టి చెయ్యి, మూత బోల్టులు. ఏ కాలం బండో చెప్పాను, బాగా బరువులు మోసిన బండి అని కూడా చెప్పాను. దాన్ని నాకు అమ్మినతను అక్కడే ఉన్నాడు, అవునన్నాడు. చప్పట్లు కొట్టారు. చివర్లో సుత్తితో ఇరుసు రెండు చేతుల మీదా కొట్టి వినడం నాకు అలవాటు. మంచి ఇనుము గంటలా మోగుతుంది. పొడుగు చెయ్యి మోగింది. పొట్టి చెయ్యి మోగలేదు. పగిలిన కుండని తడితే వచ్చే చప్పుడు వచ్చింది. ఆ గోలలో అది నాకొక్కడికే వినబడింది.

పైనున్న గ్రీజు గీకి చూడాలి. రెండు నిమిషాల పని. నేను గీకలేదు. గట్టి సరుకని సత్యంతో చెప్పి, దానితోనే ట్రాలీ కట్టిచ్చాను. ఎందుకు చెప్పాను? ఎన్నిసార్లు అడుక్కున్నానో ఈ ప్రశ్న. జవాబు ప్రతిసారీ ఒక్కటే, అంత చిన్నదే: టర్నరు మాట నిజమవుతుందని. అందరి ముందూ దాని జాతకమంతా చదివిన నోటితో, ఇది పనికిరాదు అనలేకపోయాను.

నాలుగు నెలలకి ట్రాలీ గట్టు ఎక్కుతుండగా పొట్టి చెయ్యి విరిగింది. పడవ ఒరిగి, పక్కన పట్టుకుని నడుస్తున్న సత్యం చెల్లెలి భర్త తుంటి మీద పడింది. ప్రాణం దక్కింది. కానీ ఇప్పటికీ కర్ర సాయంతో నడుస్తాడు, మళ్లీ వేటకి వెళ్లలేదు. ఆ రోజు ట్రాలీని లాగే ట్రాక్టరు నడిపింది సత్యం. దూకుడుగా లాగాడని అందరూ అన్నారు. చెల్లెలూ అదే నమ్మింది. అప్పటి నుంచి అన్నతో మాట లేదు.

విరిగిన ట్రాలీ నా షెడ్డుకే వచ్చింది. కొత్తగా విరిగిన ఇనుము తెల్లగా మెరుస్తుంది. ఇక్కడ మెరుస్తున్నది వేలెడు మేర. మిగతా చుట్టంతా గోధుమరంగు తుప్పు. పాత పగులు అని తెలిసినవాడెవడైనా చెప్పగలడు. అక్కడ తెలిసినవాడిని నేనొక్కడినే. ఇనుము అరగదీసే గ్రైండరు అందుకున్నాను. రెండు నిమిషాల్లో అంతా ఒకటే తెలుపు. గ్రీజు గీకడానికి లేని రెండు నిమిషాలు దీనికి ఎక్కడి నుంచి వచ్చాయి?

మర్నాడు పొద్దున్నే సత్యం వచ్చాడు. గుమ్మంలోనే నిలబడ్డాడు.

“మేస్త్రిగారండి, మీరు బంగారంలాంటి ఇరుసిచ్చారండి. నేనే పాడుచేసేశాను. తప్పైపోయిందండి.”

“గట్టిగా లాగావా?” అన్నాను.

“మెల్లగానే లాగాననుకున్నానండి. కానీ మీరు చూసిచ్చిన సరుకు ఊరికే విరగదు కదండీ. గట్టిగానే లాగేసుంటానండి.”

“సర్లే, జరిగిందేదో జరిగింది. మనసులో పెట్టుకోకు.”

చూశారా? నేను అతన్ని క్షమించాను. అతను దణ్ణం పెట్టి వెళ్లిపోయాడు. ఆ తర్వాత అతను స్టీరింగు ముట్టుకోలేదు. ఐసు పెట్టెలు మోస్తున్నాడు. నేను గోనెపట్టా వేడుక మానేశాను, వేళ్లు నొప్పులని చెప్పి.

వచ్చే నెల ఆ చెల్లెలి కూతురి పెళ్లి. పిల్లని బుట్టలో కూర్చోబెట్టి పెళ్లి పీటల దగ్గరికి తేవాల్సిన మేనమామని పిలవలేదట. బుట్ట ఎత్తడానికి వేరేవాళ్లని చూసుకున్నారట. ఇది ట్రాలీ బేరానికి వచ్చినతను మాటల్లో చెప్పాడు. ఆ రోజు పని పక్కన పెట్టి ఈ కాగితం రాయడం మొదలుపెట్టాను.

తెలియక చేశానని చెప్పుకునే వీలు నాకు లేదు. నాకు తెలుసు. తెలియడమే కదా నా గొప్ప. విరిగిన చోటు నేనే గ్రైండరు పెట్టి అరగదీశాను కాబట్టి, ఇప్పుడు ఆ పగులుకి సాక్ష్యం నేను తప్ప ఇంకేమీ లేదు. అందుకే ముందు మీకు చెప్పాను, నోరు తిరుగుతుందో లేదో చూసుకోవడానికి. తిరిగింది. పన్నెండేళ్ల తర్వాత గుండెల నిండా గాలి పీల్చుకున్నాను. రేపు ఇదే కాగితం, కింద నా పేరు రాసి, ఆ చెల్లెలి చేతికిస్తాను. క్షమించమని అడగను. ఆ మాట ఒకసారి సత్యం నోట నా గుమ్మంలో విన్నాను, చాలు.

ఇరుసు చూసి చెప్పడం నా పని. చెబుతున్నాను. పాత జీపు వెనక ఇరుసు. పొట్టి చెయ్యి మీద, డబ్బాకి జానెడు దూరంలో పాత పగులు. సుత్తితో కొట్టినప్పుడే నాకు వినబడింది. మీ అన్న ట్రాక్టరు మెల్లగానే నడిపాడమ్మా.